తుండుగుడ్డ కింది వేళ్ళు

మా బావ చేతి మీదున్న తుండుగుడ్డను వాడు లాగేశాడు. కోపంగా లాగలేదు. దండెం మీద ఆరిన బట్టను తీసినట్టు తీశాడు. బజారు మంచి ఊపు మీద ఉంది. మిరప మూటలు విప్పి గోనెల మీద నమూనాలు పోశారు. దుకాణం చుట్టూ కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, ఊరికే చూసేవాళ్ళు నిలబడి ఉన్నారు. గుడ్డ పోయాక అందరికీ రెండు చేతులు కనిపించాయి. మా బావ వేళ్ళు మూడు బ్రోకరు పిడికిట్లో ఉన్నాయి. ఇద్దరూ వెంటనే చేతులు వెనక్కి తీసుకోలేదు. ఎలా తీసుకోవాలో తోచలేదనుకుంటాను.

ఎవరూ అరవలేదు. ఘాటుకు ఎవరో తుమ్మారు. మూటల పక్కన నెల్లూరు వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆ మూటలు ఆయనవే. ఆయన ఆ మూడు వేళ్ళనే చూస్తున్నాడు.

మా బావ గుడ్డను కొడుకు చేతిలోంచి తీసుకుని దులిపి భుజాన వేసుకున్నాడు. వాడి మొహం చూడకుండా, "దుకాణం దిగు" అన్నాడు.

వాడు దిగాడు. వాడు నా మేనల్లుడు, మా అక్కకు ఒక్కగానొక్క కొడుకు. ఇది అరవైల చివర్లో జరిగింది.

పట్నంలో కొత్వాల్ చావడి పక్క సందుల్లో దుకాణం దిగడమంటే ఏమిటో చెప్పాలి. ఆ టోకు దుకాణాలు వీధికి మోకాలెత్తున ఉంటాయి. లోపల పరుపు, దాని మీద తెల్ల దుప్పటి, ఆనుకోవడానికి రెండు దిండ్లు. మొదటిది యజమానిది. కొడుకు చేతికందిన ఏడాది ఆయుధపూజ నాడు రెండో దిండు వేసి వాణ్ని కూర్చోబెడతారు. అంతవరకూ వాడు ఫలానావారి అబ్బాయి. ఆనాటి నుంచి వ్యాపారి. బజారు వాడి పేరు పెట్టి పిలుస్తుంది, వాడి మాటకు సరుకు ఇస్తుంది. తండ్రి దిగమంటే అదంతా పోతుంది. మళ్ళీ ఎక్కమని తండ్రి నోటితోనే అనాలి, ఇంకెవరన్నా చెల్లదు. మా వాడు ఎకనామిక్స్‌లో బి.ఏ. ముగించి, అంతకు ముందు ఆయుధపూజకే ఎక్కి కూర్చున్నాడు. ఆ రోజు మా అక్క మిద్దె మెట్ల మీద నిలబడి, కిందికి రాకుండా, తలుపు సందులోంచి చూసి మురిసిపోయింది.

ఇక గుడ్డ సంగతి. ఆ బజార్లో ధర నోటితో చెప్పరు. కొనేవాడి తరపున బ్రోకరు చెయ్యి చాపుతాడు, అమ్మేవాడు చెయ్యి చాపుతాడు, పైన తుండుగుడ్డ కప్పుతారు. కింద వేళ్ళు పట్టుకుంటారు. ఏ వేలు ఎన్నిసార్లు నొక్కితే ఎంతో వాళ్ళకు తెలుసు. పైకి మాత్రం వానల గురించో కూతురి కాన్పు గురించో మాట్లాడుకుంటూ ఉంటారు. బేరం కుదిరితే గుడ్డ తీసేస్తారు. తమిళులైనా తెలుగువాళ్ళైనా పట్నం పాత బజార్లో పద్ధతి ఒక్కటే.

పక్కవాడికి ధర తెలియకూడదని ఈ ఏర్పాటు. కాని పక్కవాడితో పాటు రైతుకూ తెలియదు. సరుకు ఆయనది, అమ్మిపెట్టినందుకు వీళ్ళకు కమీషను. తన పంట ఎంతకు పోయిందో ఆయన రెండు బారల దూరంలో నిలబడి కూడా చూడలేడు. సాయంత్రం పిలిచి ఒక ధర చెబుతారు, ఆయన తల ఊపుతాడు. ఆ రోజుల్లో నేను ఒక తెలుగు దినపత్రికకు బజారు ధరలు రాసేవాణ్ని. నాకూ సాయంత్రం పిలిచి ఒక ధర చెప్పేవారు. రెండూ ఒకటే అయ్యేవి కావు.

మా బావను చెడ్డవాడనలేను. ఆ గుడ్డ ఆయనకు మోసంగా తోచలేదు, మర్యాదగా తోచింది. చితికిపోయిన చిల్లర వ్యాపారి ఎవడైనా వస్తే అదే గుడ్డ కింద నాలుగు తగ్గించి ఇచ్చేవాడు, ఆ సంగతి బజారుకు తెలిసేది కాదు. అందరి ముందూ తగ్గించమని అడిగితే వాడి పరువు పోదా అనేవాడు. అది నిజమే. కాని ఆ గుడ్డ కింద తేలినవాళ్ళూ ఉన్నారు, మునిగినవాళ్ళూ ఉన్నారు. మునిగినవాళ్ళు ఊరికి వెళ్ళిపోయేవారు కాబట్టి ఆయన వాళ్ళ మొహాలు చూడలేదు.

మేనల్లుడి ఆలోచన నాకు ముందే తెలుసు. దుకాణం పైనే వాళ్ళ ఇల్లు. ఒక సాయంత్రం మిద్దె మీద ఎండిన మిరపకాయలు ఎత్తుతూ చెప్పాడు.

"మామా, బయట ఒక పలక తగిలిస్తే చాలు. ఈపొద్దు ధర ఇదీ అని. రైతు ఒకసారి చూసి పోయినాడంటే మళ్ళా మన కాడికే వొస్తాడు. పక్కనోళ్ళు గుడ్డ కింద గోక్కుంటా ఉంటారు, సరుకంతా ఈడికి వొచ్చి పడతాది."

మీ నాయన ఒప్పుకోడన్నాను.

"లాభం చూపిస్తే ఒప్పుకుంటాడులే. యాపారి కదా."

తర్వాత అందరికీ కనిపించిన ఎర్ర జెండా ఇందులో ఎక్కడుందో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. కాలేజీలో పోటీ గురించి, అంగడి గురించి చదువుకున్నది వాడు నమ్మాడు. ధర అందరికీ తెలిస్తేనే వ్యాపారం పెరుగుతుందని ఆ పుస్తకాల్లో ఉంది. తండ్రి దుకాణాన్ని వీధిలోకల్లా పెద్ద దుకాణం చేయాలని వాడి ఆశ. తండ్రికి రెండుసార్లు చెప్పబోయాడు. మొదటిసారి మా బావ, "సుమ్మా ఉండరా, ముందు సరుకు వాసన పట్టడం నేర్చుకో" అన్నాడు. రెండోసారి అసలు వినలేదు. మూడోసారి వాడు గుడ్డ లాగాడు. రైతు ఎదురుగా ఉన్నాడు, ధర చూస్తాడు, మంచి ధరే కాబట్టి సంతోషిస్తాడు, తండ్రికి విషయం అర్థమవుతుంది అనుకున్నాడట. ఆ వయసులో అంతే అనుకుంటారు. ఆ ధర నిజంగా మంచిదే. రైతు సంతోషించాడో లేదో మాత్రం తెలియదు, ఆ తర్వాత ఆయన ఆ దుకాణానికి రాలేదు.

ఆ సాయంత్రం అరుగు మీద జరిగిన పంచాయితీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ వెగటు. చుట్టుపక్కల దుకాణాల పెద్దలు పరామర్శకు వచ్చినట్టు వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు తమలపాకులు నమిలి కాలవలోకి ఉమ్ముతూ, ఈ కాలం కుర్రాళ్ళ మీద తీర్పులు చెప్పారు. బియ్యం కోసం ఊరంతా వరసల్లో నిలబడిన రోజులు అప్పటికి ఇంకా మరుపున పడలేదు. ఆ రోజుల్లో గోడౌనుకు లోపల తాళం, బయట తాళం వేసుకుని, బియ్యం లేవని దణ్ణం పెట్టిన ఒక పెద్దమనిషి అందరికంటే ఎక్కువ మాట్లాడాడు. ధర్మం అన్న మాట ఆయన నోట్లోంచి ఆకు రసంతో పాటు కారింది.

"కాలేజీకి పంపొద్దంటే విన్నావా?" అన్నాడాయన మా బావతో. "ఆడ పుస్తకం ఇయ్యరు, జెండా ఇస్తారు. ఈపొద్దు గుడ్డ లాగినాడు. రేపు నీ పరుపు చించి తలా ఇంత దూది పంచుతాడు, చూస్తా ఉండు."

నవ్వారు. మా బావ నవ్వలేదు. వాళ్ళందరూ లేచి వెళ్ళాక నన్ను దగ్గరకు పిలిచాడు.

"బామ్మర్దీ, నువ్వు పేపర్లో ఉండేవాడివి. నిజం చెప్పు. వీడు ఏ పార్టీ?"

"ఏ పార్టీ కాదు బావా."

"పార్టీ లేకుండా ఎవుడన్నా ఇట్లాంటి పని చేస్తాడా?"

నేను పలక సంగతి చెప్పాను, లాభం సంగతి చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. విని, "నీకు కూడా అట్లే చెప్పినాడా?" అన్నాడు. కుట్రలో నన్నూ కలిపేశాడు. కొన్నేళ్ళుగా వీధుల్లో విద్యార్థుల ఊరేగింపులు, రాళ్ళు, మూసిన దుకాణాలు చూసిన మనిషి. ఇరవై ఏళ్ళ కుర్రాడు దేన్నయినా మార్చాలన్నాడంటే వెనక జెండా ఉండి తీరాలి. లాభం కోసం మార్చాలనే కుర్రాడు ఉంటాడని ఆయన ఊహకు అందలేదు. తాను జీవితమంతా చేసిన పనినే కొడుకూ చేయాలనుకుంటున్నాడన్న సంగతి ఆయనకు పరాయి భాషలా వినిపించింది.

మా అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, "గుడ్డే కదరా లాగింది, గొంతు కోసినాడా?" అంది. ఆ మాట మొగుడితో అనలేదు.

పార్టీల వాళ్ళకు కూడా ఈ వార్త పాకింది. పురసవాక్కంలో ఒక టీ దుకాణం వెనక గదిలో కుర్రాళ్ళు కొందరు చేరి చదువుకునేవారు, వాదించుకునేవారు. వాళ్ళు మా వాణ్ని వెతుక్కుంటూ వచ్చారు. దోపిడీ చేసే తండ్రి మీద తిరగబడిన కొడుకు వాళ్ళకు దొరికిన పెన్నిధి. సభలో మాట్లాడమన్నారు. వాడి వెంట ఒకసారి నేనూ వెళ్ళాను. సిగరెట్ల పొగ, కడగని గ్లాసులు, గోడకు వేలాడుతున్న పెద్ద గడ్డాల ఫోటోలు. వాళ్ళలో గట్టిగా మాట్లాడే ఒకడు మా వాడు చెప్పవలసిన ప్రసంగం తమిళంలో రాసి తెచ్చాడు. అందులో మా బావను రైతుల నెత్తురు తాగే జలగ అన్నాడు. మా వాడు దాన్ని ఆసాంతం చదివి తిరిగిచ్చేశాడు.

"మా నాయన జలగ కాదు," అన్నాడు. "యాపారం తప్పుగా చేస్తున్నాడు, అంతే. నేనుంటే బాగా చేసేవాణ్ని."

తర్వాత ప్రసంగం రాసినవాడు, ఎంతైనా మొదలాళి కొడుకు మొదలాళి కొడుకే, షావుకారు బుద్ధి పోదు అని తమిళంలో అని, టీ డబ్బులు మా వాణ్నే ఇమ్మన్నాడు. అందరూ నవ్వారు. అరుగు మీది నవ్వుకూ ఈ నవ్వుకూ తేడా నాకు వినిపించలేదు. అక్కడ ఆకులు నమిలి నవ్వారు, ఇక్కడ పుస్తకాలు చదివి నవ్వారు. వాడి మాట రెండు చోట్లా ఎవరూ వినలేదు. ప్రసంగం రాసిన ఆ మిత్రుడు తర్వాత టి. నగర్‌లో ఒక చీరల దుకాణం వారికి అల్లుడయ్యాడు. ఇప్పుడు గల్లా దగ్గర అత్తరు పూసుకుని కూర్చుంటాడు. నన్ను చూస్తే చల్లగా ఏమైనా తాగుతారా అని అడుగుతాడు.

మా ఆఫీసులోనూ అంతే. యువతరం ఎటు పోతోందని ఏడాదికి రెండు మూడు సంపాదకీయాలు పడేవి. రాసేవారు ఇరవై ఏళ్ళ కుర్రాడితో బస్టాపులో కూడా మాట్లాడిన మనుషులు కారు. ఒకసారి ప్రూఫు నా బల్ల మీదికి వచ్చింది. కార్ఖానాలు కావాలన్నవాడూ, కార్ఖానాలు తగలబెట్టాలన్నవాడూ, ఉద్యోగం దొరక్క ఊరికే తిరిగేవాడూ అందులో ఒకే పేరాలో ఒకే తిట్టు తిన్నారు. అచ్చుతప్పులు మాత్రమే దిద్దమన్నారు.

మేనల్లుడు ఇల్లు వదిలి మాధవరం పాల కాలనీలో గుమాస్తాగా చేరాడు. అక్కడే ఒక గది తీసుకున్నాడు. ఆదివారాలు పక్క మెట్ల గుండా మిద్దెకు వచ్చి తల్లి దగ్గర అన్నం తిని వెళ్ళేవాడు. కింద దుకాణంలోకి తొంగి చూసేవాడు కాదు. మా బావకు వాడు వచ్చిన సంగతి తెలుసు. ఆ ఆదివారాలు మటన్ కొంచెం ఎక్కువ తెప్పించేవాడని అక్క చెప్పింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఉద్యోగం ఎలా ఉందని నేనడిగితే, "ఈడ పాల ధర గోడ మీద రాసుంటాది మామా, ఎవుడూ ఏలు పట్టుకోడు" అన్నాడు. సంతోషంగా అన్నాడని కాదు. వాడికి కావలసింది గుమాస్తా పని కాదు. పెళ్ళి మాట వస్తే, "దుకాణం ఎక్కినాక చూద్దాం" అనేవాడు.

తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. టీ దుకాణం వెనక గదికి తాళం పడింది, కొందరు కుర్రాళ్ళు కనిపించకుండా పోయారు. దుకాణాల ముందు ధరలూ నిల్వలూ రాసి పెట్టాలని హుకుం వచ్చింది. కొత్వాల్ చావడి సందుల్లో వారం తిరక్కుండా బోర్డులు వేలాడాయి. మా బావ బోర్డు అన్నిటికంటే అందంగా ఉండేది. నల్ల రంగు, పసుపు అంచు, తమిళంలో ఒక వరస, తెలుగులో ఒక వరస. దాని కింద పరుపు మీద తుండుగుడ్డ వేసుకుని బేరాలు ఎప్పటిలాగే సాగాయి. బోర్డు మీది ధరకూ గుడ్డ కింది ధరకూ చుట్టరికం లేదు. తనిఖీకి వచ్చిన ఉద్యోగి బోర్డు చూసి, మజ్జిగ తాగి, వెళ్ళిపోయేవాడు.

ఆ రోజుల్లోనే వర్తకులందరూ కలిసి పురసవాక్కంలో ఒక పెళ్ళి మంటపంలో ఒక పెద్ద అధికారికి సన్మానం చేశారు. నేను పత్రిక తరపున వెళ్ళాను. గోడౌనుకు రెండు తాళాలు వేసిన ఆ పెద్దమనిషే అధ్యక్షుడు. క్రమశిక్షణ గురించి మాట్లాడాడు. తర్వాత మా బావను మాట్లాడమన్నారు. ఆయన ఎప్పుడూ వేదిక ఎక్కినవాడు కాదు. మైకు పట్టుకుని కొంచెం తడబడి, చివరికి ఇలా అన్నాడు:

"ధర బయట రాసిపెడితే యాపారికే మంచిది. రైతు ఒకసారి చూసి పోయినాడంటే మళ్ళా మన కాడికే వొస్తాడు."

మిద్దె మీద మిరపకాయలు ఎత్తుతూ వాడు నాతో అన్న మాటలే. నేను ఆయనకు సంగతే చెప్పాను, ఈ మాటలు కాదు; వాడు తండ్రికి చెప్పబోయిన రెండుసార్లలో ఏదో ఒకసారి ఆయన విన్నాడన్నమాట. విని, దాచుకుని, వాడికి కాక ఒక అధికారికి చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పొడుగాటి బల్లల మీద ఆకులు వేసి బాదుషాలు వడ్డించారు. నేను ఆకు ముందు కూర్చోకుండా ఆఫీసుకు వెళ్ళిపోయాను. వార్త రాసిచ్చాను. పత్రికలో బావ మాటను చుట్టూ గీతల పెట్టె కట్టి వేశారు.

అది చదివి మా వాడు వచ్చాడు. ఆదివారం కాదు. ఎండ మాడుతున్న మధ్యాహ్నం, బజారు సద్దుమణిగింది. నేను బావ పక్కన అరుగు అంచున కూర్చుని ఉన్నాను. వాడు మెట్ల వైపు వెళ్ళకుండా దుకాణం ముందుకొచ్చి వీధిలో నిలబడ్డాడు. బోర్డును మొదటి నుంచి చివరి దాకా చదివాడు, తమిళం వరస, తెలుగు వరస. వాడి ముప్పై ఏళ్ళ జుట్టులో అప్పుడే నెరుపు ఉంది.

"నాయనా," అన్నాడు. అన్నేళ్ళకు అదే మొదటి మాట. "బోర్డు మీది ధరకి ఒక మూట ఇస్తారా?"

మా బావ వెనక మూటలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఆయన వాటి వైపు తిరగలేదు. భుజాన తుండుగుడ్డ సర్దుకున్నాడు.

"ఈపొద్దు సరుకు లేదు" అన్నాడు.

బయటి మనిషికి చెప్పినట్టే చెప్పాడు. బోర్డు చూసి ఆ ధరకు అడిగే ప్రతివాడికీ ఆ దుకాణంలో వాడుకగా వచ్చే జవాబు అది. అలవాటు మీద వచ్చేసిందో, కావాలనే అన్నాడో నాకు తెలియదు. వాడు కదల్లేదు. దుకాణం ఎక్కమని ఒక్క మాట అంటాడేమోనని నేను చూశాను. వాడు కూడా అందుకే నిలబడ్డాడు. కొంతసేపటికి మా బావ, "అన్నం తిని పో. మీ యమ్మ చేసుంటాది" అన్నాడు.

వాడు పక్క మెట్ల గుండా పైకి వెళ్ళి అన్నం తిన్నాడు. తిన్నాడని అక్క తర్వాత చెప్పింది, రెండోసారి చారు కూడా వేయించుకున్నాడట. కింద మా బావ మాత్రం నాతో, "చూసినావా, ఇంకా ఆ పార్టీలోనే ఉండాడు" అన్నాడు.

నేను లేచి వచ్చేశాను. ఆ దుకాణంలో మళ్ళీ కూర్చోవడానికి నాకు చాలా కాలం మనసొప్పలేదు. ఆ వీధి వాసన, ఆకు ఉమ్ముల కాలవ, గోనెల మురికి అన్నీ ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. పుట్టి పెరిగిన వీధే.

ఎమర్జెన్సీ పోయింది, బోర్డులు దిగిపోయాయి. మా బావ బోర్డును అక్క నీళ్ళ తొట్టి మీద మూతగా వాడుతోంది. పసుపు అంచు ఇంకా ఉంది. బజార్లో కొత్తతరం వచ్చింది. వాళ్ళు గుడ్డను విడిచి ఫోన్లలో మాట్లాడుకుంటున్నారు. రైతుకు అదీ వినపడదు. మా బావ ఒక్కడూ ఇంకా గుడ్డే వాడతాడు. ఆయన దగ్గరికి వచ్చే బ్రోకర్లు కూడా ముసలివాళ్ళే, వేళ్ళు నొక్కడం తెలిసినవాళ్ళు తగ్గిపోయారు. తర్వాత దుకాణం ఎవరు చూస్తారని బజారు అడుగుతోంది. ఆయన వినపడనట్టు ఉంటాడు.

కిందటి ఆయుధపూజకు వెళ్ళాను. పరుపు మీద దుప్పటి మార్చారు. రెండు దిండ్లకూ ఉతికిన గలీబులు వేశారు. రెండో దిండు తీసేయమని బావ ఎప్పుడూ అనలేదు, దాని మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. దానికీ కుంకుమ బొట్టు పెట్టారు. వాణ్ని పిలిచారా అని అక్కను అడిగాను. నాయన పిలవలేదంది. పిలిస్తే వస్తాడా అని మాధవరం వెళ్ళి వాణ్ని అడిగాను. పిలవనీ, అప్పుడు చెబుతానన్నాడు.